అక్షరానికి పద్దెనిమిది

ఒంగోలు, కర్నూలు రోడ్డు.
టైర్ల కొట్టుకూ జిరాక్సు షాపుకూ మధ్య ఇరుక్కుని
ఎనిమిదడుగుల కొట్టు నాది.
అక్షరానికి పద్దెనిమిది రూపాయలు,
ఒత్తులకు వేరే లెక్క లేదు.
ఎవరు పోయారో, ఎవరు ఇల్లు కట్టారో
పేపరుకన్నా ముందు నా ఉలికి తెలుస్తుంది.

మొన్న ఆగస్టులో ఐదు జ్ఞాపికలకి ఆర్డరొచ్చింది.
చీమకుర్తి గెలాక్సీ రాయి,
నల్లటి ఒంట్లో రాగి చుక్కలు మెరుస్తాయే, అది.
కాయితం మీద రాసిచ్చారు:
"ఇంజనీర్లకూ శాస్తవేత్తలకూ ఘన సన్మానం."
రావత్తు ఎగిరిపోయింది.
బాబూ, రాతి మీద తప్పు పడితే చెరిపే రబ్బరు
ఇంకా ఎవరూ కనిపెట్టలా,
కనిపెట్టినోడికి ముందు అవార్డియ్యండి అన్నా.
తెచ్చిన కుర్రాడు నవ్వలేదు.
రావత్తు నేనే పెట్టా.

ముఖ్య అతిథి పేరుకి, బిరుదులతో కలిపి, ముప్పై నాలుగక్షరాలు.
ఆమె పేరుకి ఆరు.
కుంచాల మణెమ్మ.
కింద చిన్నగా:
కరెంటు లేకుండా నీళ్ళలో ఫ్లోరైడు విరిచే డ్రమ్ము చేసినందుకు.

రాతి మీదకి ఎక్కించమని ఫొటో ఇచ్చారు.
లేజరు మిషన్ లేదు నాకు, సూది పనే,
చుక్క పక్కన చుక్క.
కళ్ళయ్యాయి. జడయింది.
నోటి దగ్గర చెయ్యి ఆగింది.

బిగించి ఉంది నోరు.
కోపం కాదది, గీర కూడా కాదు.
కనిగిరి నీళ్ళు తాగి పెరిగినోళ్ళం
ఫొటోకి పళ్ళు చూపించం.
నా పెళ్ళి ఆల్బమంతా నేనలాగే ఉంటా.
ఏడో తరగతి సెలవులంతా వేపపుల్ల నమిలి
చిగుళ్ళు నెత్తురు కక్కాయిగానీ
పసుపు చారలు కదల్లేదు.
మా అక్కకైతే నీళ్ళు ఎముకలదాకా దిగాయి.
గుమ్మం దాటాలంటే
ముందు తలుపుని అడగాలి, తర్వాత గోడని.

ఆ పెదాలు గీయడానికి
పూటంతా పట్టింది.

సభ రోజు జ్ఞాపికలు ఆటోలో చేరేసి
హాలు తలుపు దగ్గరే నిలబడ్డా.
దండలు, శాలువాలు.
ఒకాయన ఫ్లోరైడుని రెండుసార్లు క్లోరైడన్నాడు,
మూడోసారి దేశభక్తిలోకి వెళ్ళిపోయాడు.
ఆమె మాట్లాడింది రెండే నిమిషాలు.
"డెబ్బై ఒక్కసార్లు పాడైంది సార్.
మా బోరు మెకానిక్కు కోటిలింగం తాగి చూసి
'చేదు మేడమ్' అని ఉమ్మినప్పుడల్లా
నోటుబుక్కులో ఒక గీత పెట్టాను.
డెబ్బై రెండోసారి వాడు ఉమ్మలేదు.
ఇంకో గ్లాసు అడిగాడు."
అప్పుడే టీలొచ్చాయి.
చప్పట్లు కొట్టడానికి చేతులు ఖాళీ లేవు.

కార్తీకంలో అక్కని చూడ్డానికి పోయా,
కనిగిరి అవతల, బస్సు దిగి రెండు మైళ్ళు.
బడి గోడ వారగా నీలం డ్రమ్ములు మూడు.
లోపల కాల్చిన మట్టి బెడ్డలంట,
పైన బోరు నీళ్ళు పోస్తే కింద తాగే నీళ్ళంట.
మధ్య డ్రమ్ము మూత మీద, కోతులు లేపకుండా,
బరువుకో నల్లరాయి బోర్లా పెట్టారు.

అంచు చెక్కిన తీరు చూస్తేనే తెలిసింది.
తిప్పా.
నా ఆరక్షరాలు, నా పూటంతటి పెదాలు.

చీర కుచ్చెళ్ళు దోపుకుని ఆమె అక్కడే ఉంది,
గంపలో బెడ్డలు కడుగుతా.
"ఇదేందమ్మా, అద్దాల బీరువాలో పెట్టుకోవాల్సింది!"
"మూతకి ఐదు కిలోలు కావాలయ్యా, సరిగ్గా సరిపోయింది.
ఎవరు చెక్కారోగానీ, మంచి పనోడు."
అని నవ్వింది.
నోరారా.
అవే చారలు. పైవరుసలో నాకన్నా రెండెక్కువ.

నేనే చెక్కానని చెప్పలేదు.
రాయి మళ్ళీ బోర్లా పెట్టేశా.

అక్క మనవడొచ్చి స్టీలు గ్లాసు పట్టాడు,
సగం తాగి సగం చొక్కా మీద పోసుకున్నాడు.
మూడేళ్ళు వాడికి. అన్నీ పాలపళ్ళే.
అసలువి రావడానికింకా టైముంది.

చూడాలి.